తెర వెనక గుటక

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా చేతులు తెల్లగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిరుపతిలో ఒక వైద్య కళాశాల, అందులో ఫిజియాలజీ శాఖ, ఆ శాఖలో నేను టెక్నీషియన్ని. ఇప్పటి పిల్లలకు టెక్నీషియన్ అంటే చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూర్చునేవాడు. మా కాలంలో టెక్నీషియన్ అంటే మసి పూసేవాడు. నవ్వకండి, అది ఆషామాషీ పని కాదు.

ఒక గుండ్రటి డ్రమ్ము ఉండేది. దానికి నున్నటి తెల్లకాగితం చుట్టి, కిరసనాయిలు పొగ మీద తిప్పుతూ నల్లగా మసి పట్టించాలి. ఎక్కువైతే రాలిపోతుంది, తక్కువైతే గీత కనబడదు. ఆ డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే ఒక సన్నటి పుల్ల మొన దాన్ని తాకి, మసి మీద తెల్లగీత గీస్తుంది. మనిషి ఛాతీకి రబ్బరు గొట్టం కట్టి రెండో కొసను ఆ పుల్లకు కలిపితే, ఊపిరి తీసినప్పుడల్లా గీత పైకీ కిందికీ పోతుంది. పని అయ్యాక కాగితం కోసి, లక్క కలిపిన స్పిరిట్లో ముంచి, దండెం మీద ఆరెయ్యాలి. కొత్తగా మా ల్యాబుకు వచ్చినవాళ్ళు "ఎవురి గుడ్డలప్పా ఆరేసినావు?" అని అడిగేవాళ్ళు.

మా ప్రొఫెసరు కోస్తా మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ మనసు వెన్న అని అందరూ అనేవాళ్ళు. ఆ వెన్న నాకు ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళలో రెండుసార్లు కనబడింది. ఒకటి ఈ కథలోనే ఉంది, రెండోది ఆయన పదవీ విరమణ రోజున.

డెబ్బైల చివర్లో మా దగ్గర పీజీ చదవడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పలమనేరు పక్క పల్లె. ఇంటి నిండా ఆవులు. పల్లెలో సర్కారు ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ, చదువు కోసమని సెలవు పెట్టుకుని వచ్చింది. మొదట ఇచ్చిన టాపిక్కు ప్రొఫెసరుకే నచ్చక మార్చెయ్యడంతో ఏడాది గంగలో కలిసింది. ఇక మిగిలిన సెలవులో థీసిస్ ఇచ్చిందా సరే, లేదా పట్టా లేకుండానే మూటా ముల్లె సర్దుకుని ఆ ఆరోగ్య కేంద్రానికి పోవాల్సిందే. ఇంకో అవకాశం లేదని యూనివర్సిటీ వాళ్ళు కాగితం కూడా పంపారు.

రెండో టాపిక్కు ఆమే అడిగి తీసుకుంది, గుటక. అవును, మీరూ నేనూ రోజంతా వేసే గుటకే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు తమ ఇష్టంతో మింగేటప్పుడు మెదడు ఏం చేస్తుంది అన్నది ప్రశ్న. వినగానే నాకు కోపం వచ్చింది. దేశంలో ఇన్ని రోగాలుండగా, ఏ రోగమూ లేనివాడు నీళ్ళు మింగడం మీద చదువా అనుకున్నాను. ఆ మాట నా ముఖం మీద కనబడిందేమో, డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

"గుటక సగమే మన చేతిలో ఉండాదన్నా. నోట్లో నీళ్ళను నాలికతో ఎనక్కి తొయ్యల్నా వద్దా అనేది మెదడు పైపొర చెప్తాది. గొంతు అంచు దాటినాయంటే మెదడు కిందిపక్క కాడలో వేరే ఆఫీసర్లు ఉండారు. వాళ్ళు పని చేతిలోకి తీసుకుంటారు. ఇంక నడమన ఆపుతానంటే కుదరదు. మద్రాసు రోడ్డులో తడ దాకా మన సర్కారు. తడ దాటితే అరవోళ్ళది. మన ఆర్డరు ఆడ యాడ నడుస్తాది?"

ఇంత బాగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

గుటక వేసేటప్పుడు ఎవరికైనా ఊపిరి క్షణంపాటు ఆగుతుంది. ఆగకపోతే నీళ్ళు పొరబోతాయి. డాక్టరమ్మ పట్టుకోవాలనుకున్నది ఆ క్షణాన్నే. గంట కొట్టి మింగమంటే ఊపిరి ఎప్పుడు ఆగుతుంది? ఎవరూ చెప్పకుండా తన ఇష్టంతో మింగితే ఎప్పుడు ఆగుతుంది? ఇష్టంతో మింగినప్పుడు గొంతు కదలకముందే ఊపిరి ఆగిందంటే, మెదడు లోపల ముందుగానే ఏదో ఏర్పాటు చేసుకుంటున్నదని అర్థం. అందుకని మసి కాగితం మీద రెండు గీతలు. పై గీత ఊపిరిది. కింది గీత, కంఠం మీద కట్టిన చిన్న రబ్బరు గిన్నెది. ముప్పైమంది ఆరోగ్యవంతులు కావాలి.

ఆసుపత్రి ఆవరణలో ఆరోగ్యవంతుణ్ణి పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. స్టోరు కీపరుకు వాతం. లైబ్రేరియనుకు తలతిప్పు. గుమాస్తాలందరికీ గ్యాసు. చివరికి మా వడమాలపేట నుంచి మా మేనమామను బతిమాలి పిలిపించాను.

"మింగినంక బయటికి తీస్తారా?" అని అడిగాడు.

"ఉత్త నీళ్ళే మామా."

"ఉత్త నీళ్ళు మా ఇంట్లో లేవా? బస్సెక్కి తిరుపతి దాకా వచ్చి మింగల్నా?"

మొదటి మనిషిగా కుర్చీ ఎక్కినవాడు మాత్రం మా ఆఫీసు సూపరింటెండెంటు. నిలువెత్తు మనిషి, నుదుట విభూతి, జేబులో మూడు పెన్నులు. రూలు బుక్కులో లేనిదే ఆయన తుమ్మను కూడా తుమ్మడు. మింగమని రాతపూర్వకంగా ఇస్తేనే మింగుతానన్నాడు. డాక్టరమ్మ రాసిచ్చింది. గొట్టాలు కట్టాం, నోట్లో గుక్కెడు నీళ్ళు పోశాం, డ్రమ్ము వదిలాం. "మీ ఇష్టం వచ్చినప్పుడు మింగండి సార్" అని డాక్టరమ్మ చెప్పింది.

డ్రమ్ము తిరిగింది. ఆయన మింగలేదు. కళ్ళు పెద్దవయ్యాయి, బుగ్గలు ఉబ్బాయి, విభూతి మీద చెమట పట్టింది. డ్రమ్ము చుట్టు పూర్తయ్యింది. ఆయన ఆపమని చెయ్యెత్తి, నీళ్ళన్నీ బేసిన్లో ఉమ్మేసి అడిగాడు, "ఇష్టం వచ్చినప్పుడు అంటే ఎన్ని గంటలకమ్మా?"

గంట కొడితే బ్రహ్మాండంగా మింగేవాడు. సొంత ఇష్టం అనేసరికి ఆయనకే కాదు, ఎవరికీ దిగేది కాదు. నీళ్ళు నోట్లో పెట్టుకుని, పక్కవాడెవడో మింగాల్సినట్టు దిక్కులు చూసేవాళ్ళు. మీకేం, చదువుకుని నవ్వుతారు. కాగితం వృథా అయినప్పుడల్లా మళ్ళీ మసి పట్టించాల్సిన ఖర్మ నాది. సూపరింటెండెంటు ఒక్కడికే ఐదు కాగితాలు పోయాయి. ఆరోదానికి నేను డ్రమ్ము పక్కన ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన గొంతు వంకే చూస్తూ, "మింగు తండ్రీ, నీకు పుణ్యముంటుంది, మింగు" అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. ఠక్కున మింగాడు.

అప్పటినుంచి చూడండి, పని చకచకా సాగిపోయింది. నేను అదే చోట కూర్చోవడం, మనిషి మింగడం. గీతలు ముత్యాల్లా వచ్చాయి. క్యాంటీన్లో మీసం లేకపోయినా మెలేశాను. "నా ముందర కూర్చుంటే ఎంతటోడైనా మింగాల్సిందేనబ్బా" అన్నాను. ఆ మాట ఎంత నిజమో నాకప్పుడు తెలియదు.

ఇరవై తొమ్మిదిమంది అయ్యారు. ఇష్టంతో మింగినా గంటకు మింగినా రెండు గీతలూ ఒక్కసారే కదిలాయి. ముందస్తు ఏర్పాటు ఏమీ కనబడలేదు. డాక్టరమ్మ కొంచెం డీలా పడింది. ప్రొఫెసరు మాత్రం, "తేడా లేదన్నది కూడా ఫలితమేనమ్మా. రాసెయ్" అన్నాడు. టైపు కూడా మొదలైంది. గడువు ఇంకా పదకొండు రోజులుంది. ఒక్క మనిషి మిగిలాడు.

ఆ ముప్పయ్యోవాడు ఒక వైష్ణవస్వామి. దేవస్థానం ఆఫీసులో గుమాస్తా, సూపరింటెండెంటుకు పొరుగింటివాడు. సన్నగా, పొడుగ్గా, నుదుట నిలువు నామంతో సాయంత్రం ఆఫీసు వదలగానే వచ్చాడు. సంచీలోంచి సొంత వెండిచెంబు, సొంత నీళ్ళు తీశాడు. గ్లాసు అంచు పెదవికి తాకించడట, ఎత్తి పోసుకుంటాడట. సరే అన్నాం. కూర్చున్నాడు, గొట్టాలు కట్టించుకున్నాడు. అప్పుడు చుట్టూ చూసి, "తెర యాడ?" అన్నాడు.

"తెర ఎందుకు స్వామీ?"

"నలుగురు సూస్తా ఉంటే నోట్లో ఎట్లా పోసుకునేది నాయనా? దృష్టి తగల్దా? సాక్షాత్తూ స్వామివారి ఆరగింపుకే తెర వేస్తాము. నాకు వెయ్యకపోతే ఎట్లా?"

"ఉత్త నీళ్ళేగదా స్వామీ" అన్నాను.

"ఉత్త నీళ్ళయితే నన్నెందుకు పిలిచినారు?"

ఈయనా మా మేనమామా ఒకే బడిలో చదివినట్టున్నారు. ఏం చేస్తాను? వార్డుకు పోయి, సిస్టరుతో చీవాట్లు తిని, మంచాల మధ్య పెట్టే ఆకుపచ్చ గుడ్డ తెర మోసుకొచ్చాను. తెర అవతల స్వామి, ఇవతల మేము. గొట్టాలు తెర కింద నుంచి వచ్చాయి.

"మీ ఇష్టం వచ్చినప్పుడు మింగండి స్వామీ" అని డాక్టరమ్మ చెప్పింది.

"నా ఇష్టం ఏముందమ్మా, అంతా ఆయన ఇష్టం" అని స్వామి లోపలినుంచి అన్నాడు. చెంబు గలగలమంది. డ్రమ్ము సగం తిరిగింది. ఈయనకు పైనుంచి ఉత్తర్వు వచ్చేసరికి నా మసి అయిపోతుందని నేను పళ్ళు నూరుకుంటుండగా పై గీత చదునైంది. ఊపిరి ఆగింది. కాసేపటికి కింది గీత ఎగిరింది. గొంతు కదిలింది. గంట కొట్టినప్పుడు మాత్రం రెండూ ఒక్కసారే. పదిసార్లు చేసినా అంతే.

ఊపిరి ముందే ఆగింది! అంటే ముందస్తు ఏర్పాటు ఉన్నట్టే. కానీ ఇరవై తొమ్మిదిమందికి లేనిది ఈయనకెట్లా వచ్చింది?

ప్రొఫెసరు కాగితం చూసి, "లీకు! రబ్బరు లీకయ్యా, గాడిదలు కాస్తున్నావా?" అని నా మీద పడ్డాడు. కొత్త రబ్బరు బిగించాను. మరుసటి రోజు స్వామిని మళ్ళీ రప్పించి చేశాం. మళ్ళీ అదే గీత. "ఈ మనిషిని తీసేసి ఇంకొకణ్ణి పెట్టి ముగించండి" అని ప్రొఫెసరు వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ వెళ్ళలేదు. కాగితం ముందు పెట్టుకుని అడిగింది, "అన్నా, ఈ స్వామికీ మిగిలినోళ్ళకూ ఏం తేడా?"

"నామం, చెంబు, తెర" అన్నాను వెటకారంగా.

ఆమె దాన్ని వెటకారంగా తీసుకోలేదు. సూపరింటెండెంటును పిలిపించి చెంబుతో ఎత్తి పోసుకోమంది. నీళ్ళు సగం చొక్కా మీద పడ్డాయి కానీ, గీతలో మార్పు లేదు. నామం జోలికి పోలేదు, విభూతి మనిషి, గొడవైపోతుంది. తర్వాత ఆయన్ను తెర వెనక కూర్చోబెట్టింది.

డ్రమ్ము ఒక చుట్టు తిరిగింది. మింగలేదు. రెండో కాగితం, రెండో చుట్టు. ఊహూ. ఇంతదాకా వెన్నలా మింగిన మనిషికి ఇప్పుడేం రోగమని నాకు ఒళ్ళు మండి, లేచి తెర పైనుంచి తల పెట్టి, "ఏం సార్, మింగరా?" అని కోపంగా చూసి, ఆ కోపంలో నేనొక గుటక వేశాను.

ఆయన వెంటనే మింగాడు. నోరు తుడుచుకుని, నన్నే తప్పుపట్టాడు. "నువ్వు కనబడకుండా దాక్కుంటే ఎట్లా మింగేదప్పా? ఇంతదాకా నువ్వు మింగినప్పుడు గదా నేను మింగింది! అదే రూలేమో అనుకుంటి."

డాక్టరమ్మ తెర పక్కకు లాగి, నా గొంతు వంక చూసింది.

బిడ్డకు బువ్వ పెట్టే తల్లి, బిడ్డ నోరు తెరవాలని తనూ నోరు తెరుస్తుంది చూడండి, నేను చేసిందీ అదే. మసి వృథా అవుతుందనే ఆత్రంలో ప్రతి మనిషి ముందూ కూర్చుని, నాకే తెలియకుండా ముందు నేను మింగాను. అది చూసి వాళ్ళు మింగారు. ఇరవై తొమ్మిదిమంది సొంత ఇష్టమూ నా గుటకే. గంట మోగినట్టు నేను మోగాను. అందుకే గంటకూ ఇష్టానికీ తేడా రాలేదు. తెర అడ్డం వచ్చి నన్ను చూడలేకపోయిన ఒకే ఒక్క మనిషి ఆ స్వామి.

సూపరింటెండెంటు వెళ్ళిపోయాక డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుపడ్డవాడు ఊరికే ఉండడు, ఇంకో తప్పుకు తయారవుతాడు. నేనూ అంతే.

"మేడమ్, స్వామి కాగితాలు ఇవే. చించేస్తాను. సూపరింటెండెంటుకు ఇదేందో అర్థం కాలేదు. ప్రొఫెసరు గారు ఎట్లాగూ తీసెయ్యమన్నాడు. ఎవురికీ తెలీదు. మీ చదువు గట్టెక్కుతాది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మా నాయనకు పక్షవాతం వచ్చిందన్నా" అంది. "మింగు నాయనా, మింగు నాయనా అని నేనూ మా అమ్మా గంజి పట్టుకుని కూర్చునేవాళ్ళం. మింగాలని ఆయన ఎంత తన్నుకులాడినాడో. దిగేది కాదు. ఆవుకు గడ్డేసినారా అని అడిగితే, ఆ మాటలో పడి గటుక్కున మింగేవాడు. డాక్టరు చదివిన కూతుర్ని, అదేందో నాకు తెలీలేదు. పోయినాడు. బాగుండేవోళ్ళు ఎట్లా మింగుతారో ఎవురూ సరిగ్గా సూడలేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు నువ్వు ఆ కాగితాలు చించితే, నేను ఈడికి ఎందుకు వచ్చినట్టు?"

నేను ఆ కాగితాలను తీసుకుపోయి జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇక ప్రొఫెసరుకు చెప్పాలి. ఇద్దరం ఆయన గదిలోకి వెళ్ళి నిలబడ్డాం. ఆమె మొత్తం చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏమిటీ? మసి పూసేవాడు మింగితే ఇరవై తొమ్మిదిమంది మింగారా? వాళ్ళేమన్నా కోతులా? నేను ముప్పయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఎక్కడా వినలేదే! డీన్ గారికి కూడా చెప్పేశాను ఫలితం! ఇప్పుడు నన్నేం..."

ఆయన అరుస్తుంటే భయంతో నేను గుటకలు మింగుతున్నాను. నా కంఠం అసలే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. "నన్నేం..." అన్నచోట ఆయన ఆగి, గుటక వేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నేను మళ్ళీ మింగాను. ఆయన మళ్ళీ ఆగాడు.

"సార్" అంది డాక్టరమ్మ మెల్లగా, "మీరు రెండుసార్లు మింగారు."

ప్రొఫెసరు తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. చెయ్యి తియ్యకుండానే, "మళ్ళీ చెయ్యండి. వీణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టండి" అన్నాడు. ఆ మరుసటి రోజు వార్డు సిస్టరు తన తెర పట్టుకుపోయింది. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, ప్రొఫెసరు ఇంటినుంచి తన కొత్త పట్టుపంచె తెచ్చి, తనే రెండు మేకులు కొట్టి అడ్డంగా కట్టాడు. "మసి చేతులతో ముట్టుకున్నావంటే చంపేస్తా" అన్నాడు. మొదటిసారి కనబడిన వెన్న ఇదే.

తొమ్మిది రోజుల్లో ఇరవై తొమ్మిదిమంది. పాతవాళ్ళు సగంమంది తప్పించుకున్నారు. మా మేనమామ, "మొన్న మింగింది సాల్లేదా? లెక్క పోగొట్టుకున్నారా?" అని జాబు రాయించి ఊరుకున్నాడు. అప్పుడు ఆదుకున్నది స్వామే. తెర ఉందనేసరికి ఆయన వీధివాళ్ళందరికీ ధైర్యం వచ్చింది. అంతకుముందు ఆసుపత్రి గడప తొక్కనన్న పెద్దలు ఎవరి చెంబు వాళ్ళు పట్టుకుని వరసగా వచ్చారు. స్వామి ఆఫీసు వదలగానే వచ్చి తెర దగ్గర కాపలా నిలబడేవాడు. పంచె కొస గాలికి ఎగిరితే ఊరుకునేవాడు కాదు. లోపలికి పోయే ప్రతివాడికీ చెప్పి పంపేవాడు: "ఆయన ఇష్టం అని ఊరికే కూసోవద్దప్పా. డాక్టరమ్మకు నీ ఇష్టమే కావల్నంట. ఈ ఒక్కసారికి ఆయన ఏమీ అనుకోడు."

నేను గోడవైపు తిరిగి డ్రమ్ము చూసుకున్నాను. వృథా అయిన కాగితాలకు లెక్క లేదు. ఎన్ని పోయినా నోరెత్తలేదు. చివరికి చాలామందికి స్వామి గీతే వచ్చింది. కొందరికి రాలేదు, డాక్టరమ్మ అదీ ఉన్నదున్నట్టు రాసింది. ఆఖరి రోజు యూనివర్సిటీ ఆఫీసు మూసేలోపు థీసిస్ తీసుకుపోయి ఇచ్చాం.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. మద్రాసు నుంచి ఒక పెద్దాయన పరీక్ష చేయడానికి వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగిన తెలుగువాడు, తెల్లచొక్కా, బంగారు కళ్ళద్దాలు. డాక్టరమ్మ పాడైపోయిన ఇరవై తొమ్మిది రికార్డులనూ దాచకుండా ఒక అధ్యాయంగా పెట్టింది. ఆయన వేలు సరిగ్గా అక్కడే పెట్టాడు.

"ఒకడు మింగితే ఎదుటివాడు మింగుతాడా? ఇదేమిటమ్మా, గుటకా ఆవలింతా? ఇది తప్పని తేలితే నీ మిగతా పుస్తకాన్ని కూడా నేను నమ్మను. ఎవరా మహానుభావుడు?"

తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూపించింది. ఆయన లేచి, నేరుగా ప్రయోగం కుర్చీలో కూర్చున్నాడు. "కట్టండి గొట్టాలు. నేను నా ఇష్టం వచ్చినప్పుడే మింగుతాను. ఈయన్ని చూసి మింగే ప్రసక్తే లేదు."

కట్టాను. నీళ్ళు పోసుకున్నాడు. డ్రమ్ము వదిలి ఎదురుగా కూర్చున్నాను. గదిలో ఉన్న కళ్ళన్నీ నా గొంతు మీద వాలాయి. ప్రొఫెసరు, ఇంకో ఇద్దరు పరీక్షకులు, డీను.

మింగాలి. ఇంతే పని. పుట్టినప్పటినుంచి చేస్తున్న పని. నాలిక ఎండిపోయి అంగిలికి అతుక్కుంది. గొంతులో తడి లేదు. మింగు, మింగు అని నాకు నేనే ఆజ్ఞ ఇచ్చుకుంటున్నాను. ఎంత గట్టిగా ఇస్తే అంత బిగుసుకుపోతోంది. ఇన్నాళ్ళు అక్కర్లేనప్పుడల్లా మింగి ఆ పిల్ల కొంప ముంచాను, అవసరమైన ఈ ఒక్క గుటక వెయ్యలేక మళ్ళీ ముంచుతున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన నోట్లో నీళ్ళతో నన్ను చూసి కళ్ళతోనే నవ్వుతున్నాడు. డ్రమ్ము మీద మసి సగానికి పైగా అయిపోయింది.

"అన్నా" అంది డాక్టరమ్మ వెనకనుంచి, ఏమీ జరగనట్టు. "వడమాలపేటకు ఇప్పుడు బస్సు ఎన్ని గంటలకుండాది?"

ఈ సమయంలో బస్సేమిటని విసుక్కుంటూ చెప్పాను. "మూడున్నరకు ఒకటి పోతాది. అది తప్పిపోతే నాలుగుంబావుకు పుత్తూరు బండి ఉండాది మేడమ్. ఎవురు పోవల్ల?"

కుర్చీలో ఆయన గొంతు కదిలింది.

కంఠం మీద గిన్నె ఊడదీసుకుంటూ ఆయన గెలిచినట్టు అన్నాడు, "చూశారా? పూర్తిగా నా ఇష్టంతో మింగాను. ఈయన బస్సుల గురించి మాట్లాడుతున్నాడు, అంతే."

నేను కాగితం కోసి, లక్కలో ముంచి, కారుతుండగానే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. అందరూ వంగి చూశారు. ఊపిరి గీత, గొంతు గీత రెండూ ఒక్కసారే కదిలాయి. ముందస్తు ఏర్పాటు ఏమీ లేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తన ఇష్టం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నట్టు గీత వెంబడి వేలు పెట్టి పోయాడు. వేలికి మసి అంటింది. తర్వాత పగలబడి నవ్వి, ఆ మసి వేలితోనే పెన్ను తీసుకుని సంతకం చేశాడు.

డాక్టరమ్మ పట్టా తీసుకుని తన ఆరోగ్య కేంద్రానికి పోయింది. ఇప్పుడు మెదడును ఏకంగా ఫోటోలు తీసి గుటకను చూస్తున్నారట. మా గీతలు వాటి ముందు నిలుస్తాయో లేదో పెద్దవాళ్ళు చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ రోజు పుత్తూరు బండి గురించి చెబుతూ ఎక్కడో నేనొక గుటక వేసే ఉండాలి. వేసినట్టు నాకు మాత్రం తెలియదు. ఆ పెద్దాయన కాగితం చూసే, నేను మింగానని నేనూ నమ్మాను.